నిదానం అనకండి

ఆ వానాకాలం మా ఇంట్లో ఉరుములు ఆకాశంలోంచి కాదు, హాల్లోంచి వచ్చేవి. ఆకాశం ఉరిమితే కాసేపటికి వాన పడి చల్లబడేది. హాల్లో ఉరిమితే మాత్రం ఎవరో ఒకరు వంగి, సోఫా కింద దూరిన రిమోట్‌ని వెతికి తీయాల్సి వచ్చేది. ఆ ఎవరో ఒకరు ఎప్పుడూ మా అత్తయ్యే.

ఉరిమేది మామయ్య. ఓడరేవులో క్రేన్ నడిపిన మనిషి. మేడంత ఎత్తున అద్దాల గదిలో కూర్చుని, ఓడలోంచి ఇనప పెట్టెను ఎత్తి కింద ఆగి ఉన్న లారీ మీద పెట్టేవారు. పెట్టె వచ్చి కూర్చున్న సంగతి లారీ డ్రైవరుకి తెలిసేది కాదనీ, కునుకు తీస్తున్నవాణ్ణి కిందివాళ్లు తలుపు కొట్టి లేపాల్సి వచ్చేదనీ రేవులో చెప్పుకునేవారు. ఉద్యోగం మొత్తంలో ఆయన ఒక్క పెట్టె కూడా కింద పడేయలేదు. ఈ మాట ఆయన ఎవరికీ చెప్పరు. ఇంటికొచ్చిన ప్రతివాళ్లకీ, వాళ్లు అడక్కపోయినా, అత్తయ్యే చెబుతుంది.

ఎండలు తగ్గుతుండగా ఆయనకి కుడివైపు పక్షవాతం వచ్చింది. స్వల్పమేనన్నారు డాక్టర్లు. మాట వెనక్కి వచ్చింది, కాలు వెనక్కి వచ్చింది, కుడిచేతి వేళ్లు మాత్రం మొండికేశాయి. ఇక క్రేన్ ఎక్కనివ్వరని ఆయనకీ తెలుసు. కాని రేవులో కొత్తవాళ్లకి పని నేర్పే గది ఒకటుంది. అక్కడ క్రేన్ తెరమీద బొమ్మే అయినా, కుర్చీ, లీవర్లు మాత్రం అసలువే. నేర్పే మనిషి కుర్చీ ఖాళీ అవుతోంది, వానలు తగ్గేలోగా చెయ్యి దారికొచ్చి, పరీక్షలో ఒక్క పెట్టె సరిగ్గా దించి చూపిస్తే అది మీదేనని కబురొచ్చింది. ఆ కబురు విన్నరోజు మామయ్య జబ్బుపడ్డాక మొదటిసారి అద్దం ముందు కూర్చుని తన గడ్డం తనే గీసుకున్నారు. మూడు చోట్ల గాట్లు పడ్డా ముఖం వెలిగిపోయింది.

వీడియో గేమ్ ఆడించమని చెప్పింది ఇంటికొచ్చి వ్యాయామం చేయించే ఫిజియో అమ్మాయి. బొటనవేలికీ చూపుడువేలికీ అంతకుమించిన కసరత్తు లేదంది. మా ఆయనది ఊళ్లు తిరిగే ఉద్యోగం, వారానికోసారి చుట్టంలా వచ్చి పోతుంటాడు. ఒకసారి వస్తూ వస్తూ పాత సామాన్ల షాపులో ఎవరో వాడి వదిలేసిన ఆట పెట్టెను, ఒక లారీ ఆటను తెచ్చి టీవీకి తగిలించి, దాని రిమోట్‌ని మామయ్య చేతికిచ్చి వెళ్లాడు. తండ్రి సంగతి తెలిసి కూడా సరుకు మోసే ఆటే ఎందుకు తెచ్చాడో ఆ దేవుడికే తెలియాలి.

ఆ ఆటలో పచ్చ లారీ ఒకటి పెట్టెలు వేసుకుని కొండ ఎక్కాలి. మలుపుల్లో కాస్త తేడా వస్తే పెట్టె జారి లోయలో పడుతుంది. పడగానే మైలురాయి మీద కూర్చున్న కాకి ఒకటి రెక్కలు కొట్టుకుంటూ నవ్వుతుంది. ఆ నవ్వు ఎవడు కనిపెట్టాడోగాని, పగవాడికి కూడా వద్దు.

"ఈ లోడు కట్టినవాడెవడు?" అని మొదటిరోజే అరిచారు మామయ్య. "తాళ్లేవి? గొలుసులేవి? ఇట్లాంటి లోడుతో బండిని గేటు దాటనిస్తారా?"

"అది బొమ్మ లారీ అండీ" అంది అత్తయ్య.

"బొమ్మదైతే మాత్రం పద్ధతుండక్కర్లేదా?"

రెండో పెట్టెకి రోడ్డుది తప్పు. మూడో పెట్టెకి బటన్‌ది. నాలుగోదానికి వానది, అంటే ఆటలో వాన కాదు, మా కిటికీ బయటి వాన. అయిదోది పడి కాకి నవ్వగానే ఎడం చేత్తో రిమోట్‌ని విసిరికొట్టారు. అది గోడకి తగిలి సోఫా కిందికి దూరింది. అత్తయ్య మోకాళ్ల మీద వంగి దాన్ని తీస్తూ, "ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది మీ యవ్వారం. నిదానంగా ఆడండి, నిదానం" అంది.

ఆ 'నిదానం' అన్న మాట ఆ సీజన్‌లో మా ఇంట్లో ఎన్నిసార్లు వినబడిందో లెక్కపెట్టలేను. అది విన్నప్పుడల్లా మామయ్య మెడ నరాలు ఉబ్బేవి.

* * *

నా ఉద్యోగం కూడా కోపంతోనే. బట్టలుతికే మెషీన్లు అమ్మే కంపెనీలో ఫిర్యాదులు వినే ఫోన్ నాది. నీళ్లు కారాయని ఒకరు, చొక్కా చిరిగిందని ఒకరు, మనిషి వస్తానని రాలేదని ఒకరు, పొద్దుట్నించి సాయంత్రం దాకా నన్ను కడిగేస్తూ ఉంటారు. నేనెవరో వాళ్లకి తెలియదు, వాళ్లెవరో నాకు తెలియదు. "మీ ఇబ్బంది నాకు అర్థమైందండీ" అనాలి, గొంతు పెంచకూడదు. ఇంటికొచ్చేసరికి చెవుల్లో జోరీగ రొద తప్ప ఏమీ ఉండేది కాదు. గుమ్మంలో చెప్పులు విప్పుతుంటే లోపల్నుంచి కాకి నవ్వు, దాని వెనకే మామయ్య అరుపు వినబడేవి. ఒక్కోరోజు మళ్లీ చెప్పులు వేసుకుని మెట్ల మీద కూర్చోవాలనిపించేది. కూర్చున్నాను కూడా.

ఒక సాయంత్రం అలసటలో నోరు జారాను. మామయ్య రిమోట్ బాగోలేదని చిందులేస్తుంటే, "మీ ఇబ్బంది నాకు అర్థమైంది మామయ్యా" అన్నాను, ఆఫీసు గొంతుతో.

ఆయన గిరుక్కున తిరిగారు. "నాతో ఫోన్ భాష మాట్లాడకమ్మా. తిట్టాలనుంటే తిట్టు, ఆ తేనె మాత్రం పూయకు."

నాకు నవ్వొచ్చింది, ఆయనకి రాలేదు.

ఫిజియో అమ్మాయి వచ్చినరోజు ఆట అయ్యాక ఆయన బీపీ చూసింది. పట్టీ విప్పుతూ మా వైపు చూసిన చూపు నాకు నచ్చలేదు.

"వేళ్లు బాగా వస్తున్నాయి అంకుల్. పట్టు పెరిగింది. కాని ఆట అయ్యేసరికి బీపీ ఇలా ఎగిరితే కష్టం. ఇంకోసారి పక్షవాతం వస్తే ఇంత స్వల్పంగా వదలదు."

"కోపం నాకు కాదమ్మా, ఆ లారీకి. బటన్ నొక్కితే కాసేపు ఆలోచించుకుని కదులుతుంది."

"కోపం వచ్చాక ఎవరూ ఏమీ చెయ్యలేరు. రాబోయే ముందు ఏం జరుగుతోందో చూసుకోండి. ఒంట్లో ఏదో ఒకటి ముందే చెబుతుంది. అది కనబడగానే ఆపెయ్యండి. చల్లబడ్డాకే మళ్లీ ముట్టుకోండి" అని చెప్పి, గొడుగు తీసుకుని వెళ్లిపోయింది.

అత్తయ్య వంటగది గుమ్మంలోనే నిలబడిపోయింది. ఆమెకి ఆ అమ్మాయి చెప్పినదాంట్లో ఒక్క ముక్కే వినబడిందని నాకు తర్వాత తెలిసింది.

నేను మాత్రం ఆ సాయంత్రం నుంచి టీ గ్లాసు పట్టుకుని మామయ్య పక్కన కూర్చోవడం మొదలుపెట్టాను. తెరవైపు కాదు, ఆయనవైపు చూస్తూ. కోపం కనిపెట్టడం నాకు కొత్తేమీ కాదు. ఫోన్‌లో అయితే ఊపిరిని బట్టి చెప్పేయగలను. ఇక్కడ మనిషి ఎదురుగా ఉన్నాడు. ముందు ఆయన మాట ఆగిపోయేది. తర్వాత కుడి భుజం చెవి దగ్గరికి లేచేది. ఆ తర్వాత, ఒళ్లో ఊరికే పడి ఉన్న ఎడం చెయ్యి నెమ్మదిగా పాక్కుంటూ వచ్చి కుడిచేతి బొటనవేలిని కింది నుంచి ఆనేది. దాన్ని చూసుకోగానే ఆయన కళ్లు ఎర్రబడేవి. పెట్టె పడేది ఆ తర్వాతే.

"మామయ్యా, పెట్టె పడకముందే మీకు కోపం వస్తోంది" అన్నాను.

"ఏంటీ?"

"ఎడం చెయ్యి సాయానికి వచ్చినప్పుడు వస్తోంది."

ఆయన రిమోట్ ఒళ్లో పెట్టుకుని రెండు చేతుల్నీ మార్చి మార్చి చూసుకున్నారు.

"ఈ వేలిని కదలమని అడుగుతానమ్మా. పిలిస్తే పలకని పిల్లాణ్ణి బతిమాలినట్టు బతిమాలతాను. కాస్త ఆగితే కదులుతుంది కూడా. ఇంతలోనే రెండో చెయ్యి, 'నీవల్ల కాదులే, నువ్వుండు' అంటూ వచ్చేస్తుంది. నా చెయ్యే నన్ను చేతకానివాణ్ణి చేస్తుంటే ఒళ్లు మండదా?"

"మండుతుంది."

"మరి నువ్వు? రోజంతా తిట్లు తింటావు కదా, నీ కోపం ఎక్కడ పెడతావు?"

"బస్సులో నిద్రపోతాను మామయ్యా."

ఆయన నన్ను ఎగాదిగా చూసి, "అది కోపం పోవడం కాదమ్మా, మనిషి పోవడం" అన్నారు. నేను టీ గ్లాసులు తీసుకుని లేచాను.

* * *

ఆ తర్వాత కొద్దిరోజులకే ఇల్లు చల్లబడింది. లారీ ఒక కొండ ఎక్కింది, ఇంకో కొండ ఎక్కింది. పెట్టెలు అతికించినట్టు కదలకుండా కూర్చున్నాయి. కాకి నోరు మూసుకుంది. నేను మెట్ల దగ్గర ఆగి చెవి పెట్టి వింటే లోపల్నుంచి మామయ్య కూనిరాగం వినబడేది. నేను చెప్పిన మాటే పనిచేసిందని లోలోపల మురిసిపోయాను. ఆఫీసులో పక్క కుర్చీ ఆమెతో గొప్పలు కూడా పోయాను. సాయంత్రాలు సోఫాలో ఒక మూల ఒరిగి, కళ్లు మూసుకునే భాగ్యం నాకు అప్పుడే దక్కింది.

మామయ్య పరీక్ష గురించి ధైర్యంగా మాట్లాడసాగారు. "కుర్రాళ్లకి ముందు గాలి సంగతి నేర్పాలి. తర్వాతే లీవరు" అనేవారు. ఇస్త్రీ చొక్కా తీసి పెట్టమన్నారు.

ఫిజియో అమ్మాయి మాత్రం ఆయన వేళ్లు వంచి చూసి పెదవి విరిచింది. బీపీ బ్రహ్మాండంగా ఉందంది. నన్ను గుమ్మం దాకా తీసుకొచ్చి, "చెయ్యి ఉన్నచోటే ఉంది. పోయినసారి ఎంత పట్టు ఉందో ఇప్పుడూ అంతే. ఆట ఆడుతున్నారా, మానేశారా?" అని అడిగింది.

"రోజంతా అదే పని" అన్నాను.

నాకు అనుమానం వచ్చింది. మామయ్య వీధి చివరిదాకా నడవడానికి వెళ్లినప్పుడు రిమోట్ పట్టుకుని కూర్చున్నాను. లారీని తిన్నగా లోయలోకి తోలాను. అది లోయ అంచున ఆగి, బుద్ధిగా వెనక్కి తిరిగి రోడ్డెక్కింది. కళ్లు మూసుకుని బటన్లు నొక్కాను. కొండ మీదికి చేరింది. టపాకాయలు కూడా పేలాయి.

వంటగదిలో గిన్నెల చప్పుడు ఆగింది.

"అత్తయ్యా?"

లోపలికి వెళ్తే, గట్టుకి ఆనుకుని చీరకొంగుతో చేతులు తుడుచుకుంటోంది. తుడవడానికి వాటి మీద తడి లేదు.

"ఏం చేశారు?"

"చంటిపిల్లలు ఆడేట్టు పెట్టాను" అంది. "ఆ ఆట పెట్టె అమ్మిన షాపతనికి ఫోన్ చేసి అడిగాను. కిందికి నొక్కి, పక్కకి నొక్కి, పాలసీసా బొమ్మ రాగానే ఆపమన్నాడు. ఆయన పొద్దున స్నానానికి వెళ్లినప్పుడు పెడుతున్నాను."

సొంత ఫోన్‌లో వాల్యూమ్ పెంచడానికి నన్ను పిలిచే మనిషి. నాకు కోపం రావాల్సింది. ఆమె పాలసీసా బొమ్మ కోసం కళ్లజోడు పెట్టుకుని టీవీ ముందు వంగి వెతకడం కళ్లముందు కదిలాక అది రాలేదు.

"చెయ్యి ఆగిపోయిందట అత్తయ్యా. పరీక్ష దగ్గరపడుతోంది."

"ఆగితే ఆగనీ. నాకు ఆ చెయ్యి వద్దు, ఆ కుర్చీ వద్దు, మనిషి కావాలి. ఆ అమ్మాయి ఇంకోసారి వస్తే వదలదంటుంటే నువ్వు విన్లేదా? ఆయన అరిచినప్పుడల్లా నాకు గుండె జారిపోతోంది. ఆయన పడిపోయినరోజు పక్కన ఎవరున్నారు? నువ్వున్నావా? నీ మొగుడున్నాడా?"

ఎవరమూ లేము. ఆమె ఒక్కతే ఉంది.

"చెప్పెయ్యాలి అత్తయ్యా" అన్నాను.

"నేనే చెబుతాను. నువ్వు మధ్యలోకి రాకు."

ఆయన తడిసిన గొడుగుతో వచ్చి, కూర్చుని, టీ తాగి గ్లాసు కింద పెట్టేదాకా ఆగింది. ఎదురుగా నిలబడి, "కొండలు ఎక్కింది మీరు కాదండీ, నేనే ఎక్కించాను" అంది. జరిగిందంతా చెప్పింది.

ఇల్లు ఎగిరిపోతుందనుకున్నాను. మామయ్య తెరవైపు చూశారు. కుడిచెయ్యి వైపు చూశారు. "ఎప్పట్నించి?" అని అడిగారు.

"ఆ అమ్మాయి భయపెట్టినప్పట్నించి."

"ఓహో" అన్నారు. లేచి బాల్కనీలోకి వెళ్లి, తడి కుర్చీలోనే కూర్చున్నారు.

* * *

ఆ తర్వాతి రోజులు నాకు ఇప్పుడు తలుచుకున్నా నీరసం వస్తుంది. ఉలుకూ లేదు, పలుకూ లేదు. పెట్టింది తినేవారు, వేసిన మాత్ర మింగేవారు. ఆటవైపు తల తిప్పలేదు. టీవీ మీద దుమ్ము పేరుకుంది. అరుపులు ఎంత నయమో నాకు అప్పుడు తెలిసింది. ఆఫీసులో కూడా అంతే. అరిచేవాడు మెషీన్ బాగుచేయించుకుని వెళ్తాడు. మారు మాట్లాడకుండా ఫోన్ పెట్టేసినవాడు మళ్లీ రాడు.

చివరికి అత్తయ్యే తట్టుకోలేకపోయింది. సెలవురోజు, వాన దంచి కొడుతోంది. ఆయన ముందుకొచ్చి నిలబడి, "తిట్టండి" అంది.

"తిడితే బీపీ పెరుగుతుందిగా."

"పెరిగితే పెరగనీ. ఈ మూగనోము నేను పట్టలేను."

ఆయన రిమోట్ తీసి ఆమె చేతిలో పెట్టారు. "పాలసీసా తీసెయ్యి. పెద్దవాళ్లది పెట్టి, ఒక్క కొండ నువ్వెక్కు."

"నాకెందుకండీ ఈ వయసులో?"

"నాకెందుకు మరి?"

అత్తయ్య కళ్లజోడు సర్దుకుని కూర్చుంది. మొదటి మలుపులోనే పెట్టె జారింది. కాకి నవ్వింది. "ఛీ" అంది. రెండోసారీ అదే మలుపు. మూడోసారి మలుపు దాటింది, అందుకు ఆమె ముఖం ఎంత విప్పారిందో, ఆ వెంటనే పెట్టె పడ్డప్పుడు అంత ముడుచుకుంది. నాలుగోసారికి పెదవులు బిగించి, కుర్చీ అంచుకి జరిగి, లారీతోపాటు తనూ వంగుతోంది. సరిగ్గా అప్పుడు పక్కనుంచి మామయ్య, కావాలని కాదు, మనస్ఫూర్తిగా సాయం చేద్దామనే, "నిదానం, నిదానం" అన్నారు.

"నిదానం అనకండి!"

మా అత్తయ్యకి అంత గొంతుందని నాకు ఆ ఇంటికొచ్చినప్పటి నుంచి తెలియదు. పెట్టె పడింది. కాకి నవ్వింది.

"నోర్ముయ్యవే!" అని కాకిని కసిరి, రిమోట్‌ని సోఫా మీదికి విసిరింది. "నిదానమట, నిదానం! చేతనయితే నేను చెయ్యనా? పక్కన కూర్చుని ఆ మాటంటే ఎంత మండుతుందో తెలుసా మీకు? నా చేతికి తెలియదా నిదానం? నా కాలికి తెలియదా? స్నానం నిదానంగా చేయించాను, గుండీలు నిదానంగా పెట్టాను, మీరు నిద్రపోతుంటే ఊపిరి తీస్తున్నారా లేదా అని నిదానంగా చూశాను. ఇంకా ఎంత నిదానం..."

అక్కడ ఆగిపోయింది. ఆ మాట ఎవరిదో ఆమెకి అప్పుడు తెలిసొచ్చింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందో నవ్వుతోందో నేను నిల్చున్న చోటికి తెలియలేదు. రెండూ అనుకుంటాను.

మామయ్య సోఫా మీదికి వంగి రిమోట్ తీశారు. ఈసారి ఏరింది ఆయన. "నాకూ అలాగే మండేదే" అన్నారు, మెల్లగా.

"మరి చెప్పొచ్చు కదా!"

"నాకు మాత్రం ఇప్పుడేగా తెలిసింది."

* * *

ఆ రోజుతో 'నిదానం' మా ఇంట్లో నిషేధమైంది. దాని బదులు వాళ్లిద్దరూ ఒక ఒప్పందానికి వచ్చారు. ఇద్దరూ వంతులేసుకుని ఆడేవారు. పెట్టె పడ్డవాళ్లు రిమోట్ బల్ల మీద పెట్టి, లేచి, కిటికీ దగ్గరికి వెళ్లి వాన చూసి రావాలి. అంతే. ఎంతసేపు చూడాలన్నది వాళ్ల ఇష్టం. ఒకసారి అత్తయ్య వాన చూస్తూ చూస్తూ పక్కింటామెతో కబుర్లలో పడి ఆట సంగతే మర్చిపోయింది.

ఆయన భుజం లేస్తే ఆమె దగ్గేది. ఆమె కుర్చీ అంచుకి జరిగితే ఆయన దగ్గేవారు. నేను వచ్చేసరికి ఇద్దరికీ పడిశం పట్టినట్టుండేది. ఎడం చెయ్యి పాక్కుంటూ రావడం మొదలుపెడితే మామయ్య దాన్ని తొడ కింద పెట్టుకునేవారు. కోపం పోయిందని అబద్ధం చెప్పను. రోజూ వచ్చేది. మామయ్య తిట్టేవారు కూడా, కాని కిటికీ దగ్గర నిలబడి, వానని. వానకి బీపీ లేదు.

వేళ్లు మళ్లీ కదలసాగాయి, కాని పోయిన రోజులు ఎక్కడినుంచి వస్తాయి? పరీక్ష నాటికి ఫిజియో అమ్మాయి, "ఇంకొక్క నెల ఉంటే బాగుండేది అంకుల్" అంది. అత్తయ్య తల దించుకుంది. మామయ్య వినపడనట్టే ఊరుకున్నారు.

నేను సెలవు పెట్టి ఆయన్ని రేవుకి తీసుకెళ్లాను. శిక్షణ గది ఇన్‌చార్జి ఒకప్పుడు మామయ్య క్రేన్ కింద నిలబడి సైగలు చేసినవాడట, ఎదురొచ్చి చెయ్యి పట్టుకున్నాడు. వెనక బల్ల మీద ఇద్దరు ఆఫీసర్లు కూర్చున్నారు. నేను గోడ పక్కన కుర్చీలో కూర్చున్నాను. మామయ్య లీవర్ల మధ్య కూర్చోగానే ఆయన వీపు నిటారయింది. ఆ వీపుని నేను ఎప్పుడూ చూడలేదు.

తెరమీద సముద్రం, ఓడ, కింద చిన్న లారీ కనబడ్డాయి. పెట్టె లేచింది, సగం దూరం బాగానే వచ్చింది. అక్కడ గాలి మొదలై పెట్టె ఊగింది. ఇన్‌చార్జి వంగి, ఆఫీసర్లకి వినబడకుండా, "గాలి తగ్గించమంటారా సార్? ఎవరికీ తెలియదు" అన్నాడు. ఎంత ప్రేమగా అన్నాడో!

మామయ్య కుడి భుజం లేచింది. నేను గొంతు దాకా వచ్చిన దగ్గుని మింగేశాను.

"ఉండనీ బాబూ, గాలి ఉంటుంది" అన్నారు.

బొటనవేలు ఒక క్షణం ఆలస్యమైంది. పెట్టె లారీ అంచుకి తగిలి, ఒరిగి, పడిపోయింది. తెర ఎర్రబడింది. కాకి లేదు, నవ్వు లేదు. మామయ్య రెండు చేతులూ లీవర్ల మీంచి తీసి మోకాళ్ల మీద పెట్టుకున్నారు. అక్కడ కిటికీ లేదు. ఎదురు గోడని చూస్తూ కూర్చున్నారు, భుజం దిగేదాకా. దిగాక, "ఇంకోసారి పెడతావా?" అని అడిగారు.

రెండోసారి పెట్టె ఊగింది, ఆగింది, మళ్లీ ఊగింది. ఇచ్చిన సమయం దాటిపోయింది. ఆయన ఆపలేదు. చివరికి లారీ మీద కూర్చుంది. ఎలా కూర్చుందో నాలాంటిదానికి తెలియదుగాని, ఇన్‌చార్జి కళ్లు తుడుచుకున్నాడు. ఆఫీసర్లు మర్యాదస్తులే. లెక్కలోకి వచ్చేది మొదటిసారేననీ, ఆ కుర్చీ ఇంకొకరికి ఇవ్వాల్సి వస్తుందనీ, మళ్లీ ఖాళీ వస్తే తప్పకుండా కబురు చేస్తామనీ చెప్పారు. మామయ్య అందరికీ నమస్కారం పెట్టి బయటికి నడిచారు.

దారిలో ఏమైనా అంటారేమోనని చూశాను. బస్సు కిటికీలోంచి వానవెలిసిన రోడ్డు చూస్తూ కూర్చున్నారు. నాకు మాత్రం నిద్ర రాలేదు. ఆ ఆఫీసర్ల మీద, ఆ గాలి మీద, పాలసీసా మీద, ఎవరిమీదో తెలియకుండా పళ్లు కొరుకుతూనే ఉన్నాను. కోపంగా ఉందని నాకు నేను చెప్పుకోవడం చాలాకాలానికి అదే మొదలు.

అత్తయ్య గుమ్మంలోనే ఉంది. మా ముఖాలు చూసి అర్థం చేసుకుంది. అయినా ఆశ చావక, "ఏమైంది?" అంది.

"పడేశాను" అన్నారు మామయ్య.

ఆమె వెంటనే, "వాళ్ల మెషీన్ తగలెయ్య! ఎప్పటి పాతదో, బటన్లు అరిగిపోయి ఉంటాయి. మీవల్ల పడ్డమేంటి? నేను నమ్మను. ఎవడు పెట్టాడో ఆ గాలి..." అంటూ ఎత్తుకుంది.

"మెషీన్ బాగానే ఉందే" అన్నారు ఆయన. "గాలి కూడా మామూలుగానే ఉంది. నేనే పడేశాను."

అత్తయ్య పక్కకి జరిగి ఆయనకి దారి ఇచ్చింది.